మీ పాఠాన్ని మీరే చూసుకోండి: ట్రైనీ టీచర్లకు బాడీ లాంగ్వేజ్, గొంతు సాధన

శ్రీకాకుళం దగ్గర మా జిల్లా పరిషత్ హైస్కూల్‌కి ఇంటర్న్‌షిప్ కోసం వచ్చిన ఒక బీఈడీ అమ్మాయి ఆరో తరగతికి కరిగే పదార్థాలు, కరగని పదార్థాల పాఠం చెప్పింది. ఒక గ్లాసులో ఉప్పు వేసి కలిపింది, ఇంకో గ్లాసులో ఇసుక వేసి కలిపింది. పాఠం బాగానే సాగింది. గంట కొట్టాక నోట్సులు తిరగేస్తే చివరి బెంచీలో ముగ్గురు "ఇసుక నీటిలో కరుగుతుంది" అని రాసి ఉన్నారు. ఇదేంటని అడిగితే ఒక పిల్ల బెరుకు లేకుండా "మీరే సెప్పేరు గదండి టీచర్" అంది.

ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రం స్టాఫ్ రూంలో కూర్చుని, చివరి బెంచీ మీద పెట్టిన ఫోన్ రికార్డింగ్ విన్నాం. "ఇసుక నీటిలో కర..." అంతవరకే వినిపించింది. మిగతాది ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. వీడియో చూస్తే ఇంకో సంగతి తెలిసింది. గ్లాసు పైకెత్తి చూపించేటప్పుడు తను గ్లాసుకీ ఆ ముగ్గురూ కూర్చున్న మూలకీ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆ ముగ్గురికీ అడుగున పేరుకున్న ఇసుక కనిపించలేదు, "కరగదు" అన్న మాటా వినిపించలేదు. వాళ్లు రాసింది తప్పే గానీ, తప్పు వాళ్లది కాదు.

వీడియో చూసుకోవడం ఎందుకని అడిగే ప్రతి ట్రైనీకి నేను ఈ సంగతే చెబుతాను. పాఠం చెప్పేటప్పుడు మన గొంతు మనకి బాగానే వినిపిస్తుంది, మన చేతిలో గ్లాసు మనకి బాగానే కనిపిస్తుంది. చివరి బెంచీలో కూర్చుని చూసే అవకాశం మాత్రం మనకి ఉండదు. ఆ అవకాశం ఫోన్ ఇస్తుంది.

మైక్రో టీచింగ్ నుంచి ఒక్క మాట

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ ఆలెన్, ఆయన తోటివాళ్లు మైక్రో టీచింగ్ మొదలుపెట్టారు. కొద్దిమంది పిల్లలు, కొద్ది నిమిషాల పాఠం, ఒకే ఒక్క నైపుణ్యం, చెప్పిన వెంటనే సమీక్ష. వమరవల్లి డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో) చదివినా, ఎచ్చెర్ల యూనివర్సిటీ కింద ఉన్న బీఈడీ కాలేజీలో చదివినా ప్రాక్టికల్ రికార్డు పుస్తకంలో 36 నిమిషాల చక్రం గీసే ఉంటారు: 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు సమీక్ష, 12 నిమిషాలు మళ్లీ తయారీ, 6 నిమిషాలు తిరిగి బోధన, 6 నిమిషాలు తిరిగి సమీక్ష. చాలామంది ఆ చక్రాన్ని స్కెచ్ పెన్నుతో అందంగా గీసి అక్కడితో వదిలేస్తారు. అందులో అసలు ప్రాణం "తిరిగి బోధన"లో ఉంది. చూసుకున్నదాన్ని మళ్లీ చెప్పి సరిచేసుకోకపోతే వీడియో వల్ల సిగ్గు తప్ప ఏమీ మిగలదు.

మొదటి అడుగు: అనుమతి, ఫోన్ పెట్టే చోటు

ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన స్కూల్లో మనం చుట్టాల్లాంటివాళ్లం. హెడ్మాస్టారుకి రాతపూర్వకంగా చెప్పండి: ఏ తరగతి, ఏ రోజు, ఎన్ని నిమిషాలు, వీడియో ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు. పిల్లల మొహాలు పడేటట్టయితే తల్లిదండ్రుల అంగీకారం కూడా తీసుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లల డేటా విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం చెబుతోంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, మన ఇంటి పిల్లని ఎవరో వీడియో తీస్తే మనం అడగమా? వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం, కాలేజీ గ్రూపులో పడేయడం ససేమిరా వద్దు.

ఫోన్‌ని గది వెనక, ఒక మూల, కూర్చున్న పిల్లవాడి తల ఎత్తులో పెట్టండి. కిటికీ ఫోన్‌కి వెనక ఉండాలి. కిటికీకి ఎదురుగా పెడితే వెలుగంతా బయట ఉంటుంది, మీరు నల్లటి నీడలా కనిపిస్తారు. స్టాండ్ లేకపోతే నీళ్ల సీసాకి రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టేయండి, బాగానే నిలబడుతుంది. సరిగ్గా ఫ్యాను కింద పెట్టకండి. ఏరోప్లేన్ మోడ్ వేయండి. పాఠం మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది, పైగా తరగతంతా రింగ్‌టోన్ విని నవ్వుతుంది. 720పీ సరిపోతుంది, 20 నిమిషాలకి సుమారు 1 జీబీ పడుతుంది కాబట్టి ముందే ఖాళీ చూసుకోండి.

స్నేహితుల దగ్గర ఇంకో ఫోన్ దొరికితే వాయిస్ రికార్డర్ ఆన్ చేసి చివరి బెంచీ మీద బోర్లా పెట్టండి. జేబులో వద్దు. మన జేబులో ఫోన్ మన గొంతు మనకి వినిపించినంత బాగా వింటుంది, అది మనకి పనికిరాదు.

మొదటి రోజు పిల్లలు కెమెరా వైపే చూస్తారు, జుట్టు సర్దుకుంటారు. ఆ రోజు వీడియో లెక్కలోకి తీసుకోవద్దు. రెండు మూడు రోజులు ఫోన్ ఊరికే అక్కడ ఉంచితే వాళ్లు మరిచిపోతారు. మీరూ మరిచిపోతారు.

రెండో అడుగు: సిగ్గుతో ఒకసారి

మొదటిసారి చూసినప్పుడు మీకేమీ కనిపించదు. పొట్ట కనిపిస్తుంది, చీర కుచ్చిళ్లు కనిపిస్తాయి, "నా గొంతు ఇలా ఉంటుందా!" అని చిరాకు వస్తుంది. గొంతు విషయంలో కారణం ఉంది. మన మాట మనకి గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా చేరుతుంది. ఆ దారిలో మంద్ర ధ్వనులు బాగా వస్తాయి కాబట్టి మన గొంతు మనకి గంభీరంగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ ఎముకల వాటా ఉండదు, గొంతు పీలగా అనిపిస్తుంది. పిల్లలు మొదటి నుంచీ వింటున్నది ఆ గొంతే, వాళ్లకి అందులో వింతేమీ లేదు.

కాబట్టి మొదటిసారి పెన్ను లేకుండా, ఒంటరిగా, తలుపేసుకుని చూడండి. సిగ్గుపడాల్సినంత సిగ్గుపడి ఫోన్ పక్కన పెట్టేయండి. అసలు పని మర్నాడు.

మూడో అడుగు: సౌండ్ తీసేసి చూడటం

మాటలు వింటూ చూస్తే మనసు పాఠం వెంట పోతుంది. సౌండ్ పూర్తిగా తీసేయండి. పది నిమిషాల ముక్క చాలు. మొత్తం పీరియడ్ చూస్తామని కూర్చునేవాళ్లు వారం తిరక్కుండా మానేస్తారు.

ఒక కాగితం మీద తరగతి పటం గీయండి: ఇటు అబ్బాయిల వరసలు, అటు అమ్మాయిల వరసలు, బల్ల, బోర్డు, తలుపు. మీ చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఒక చుక్క పెట్టండి. పది నిమిషాలయ్యాక చుక్కలన్నీ దాదాపు ఒకే చోట గుంపుగా కనిపిస్తాయి. ముందు వరసలో తల ఊపే నలుగురి దగ్గర. తల ఊపేవాళ్లని చూస్తే మనకి ధైర్యంగా ఉంటుంది, అందుకే అక్కడికే పోతాం. మగ ట్రైనీల్లో కొందరు అమ్మాయిల వైపు చూడటానికే మొహమాటపడి పీరియడంతా అబ్బాయిలకే చెప్పేస్తారు. ఉద్దేశం మంచిదే గానీ సగం తరగతికి పాఠం లేకుండా పోతుంది.

తర్వాత కాళ్లు చూడండి. గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతున్నారా? బల్ల వెనక దాక్కున్నారా? నడవడం మంచిదేనని చెబితే కొందరు పీరియడంతా పచార్లు చేస్తారు, పిల్లల మెడలు నొప్పి పుడతాయి. కొత్త విషయం చెప్పేటప్పుడు నిలబడండి, పిల్లలు రాసుకునేటప్పుడు తిరగండి. ఎవరి నోట్సైనా చూడాలంటే వాళ్ల మీద వంగకుండా బెంచీ పక్కన కాస్త కిందికి కూర్చుంటే ఆ పిల్ల భుజాలు సడలడం వీడియోలోనే కనిపిస్తుంది.

వీపు. ఇది స్టాప్‌వాచ్‌తో కొలవాల్సిందే. ఎన్ని సెకన్లు బోర్డు వైపు తిరిగి ఉన్నారు, అందులో ఎన్ని సెకన్లు మాట్లాడుతూనే ఉన్నారు? ఇప్పుడు చాలా హైస్కూళ్లలో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. వాటితో ఈ జబ్బు ఇంకా ముదిరింది. వేలితో తెర మీద వెతుకుతూ తెరకే పాఠం చెబుతున్నాం. మందు చిన్నదే: రాసేటప్పుడు రాయండి, తిరిగాక మాట్లాడండి. ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి భయపడకండి, పిల్లలు అప్పుడే బోర్డు చదువుతారు.

చేతులు చివర్న చూడండి. స్కేలో, బెత్తమో బోర్డు చూపించడానికే పట్టుకున్నా, పిల్లల కళ్లు బోర్డుని వదిలి దాన్నే వెంబడిస్తాయి. విద్యాహక్కు చట్టం, 2009 శారీరక శిక్షని నిషేధించింది, మీరు కొట్టరు. కానీ ఆ కర్రకి పిల్లల మనసులో పాత చరిత్ర ఉంటుంది. అరచేయి తెరిచి చూపించండి. ఒక పిల్లని లేపడానికి వేలు గురిపెట్టడానికీ, అరచేయి చాచి "నువ్వు చెప్పమ్మా" అనడానికీ ఎంత తేడా ఉందో సౌండ్ లేకుండా చూస్తేనే తెలుస్తుంది. పమిట పదేపదే సర్దుకునే అలవాటుంటే దాన్ని లోపంగా రాసుకుని బాధపడక్కర్లేదు, రెండు పిన్నులు పెట్టుకోండి.

నాలుగో అడుగు: ఫోన్ బోర్లా పెట్టి వినడం

ఇప్పుడు బొమ్మ వద్దు. చివరి బెంచీ రికార్డింగ్ ఉంటే అదే వినండి.

రెండు నిమిషాలు ఎంచుకుని, మీరు మాట్లాడింది మాట మాటగా కాగితం మీద రాయండి. "ఆఁ", "మరి", "ఓకే", "సో" అన్నీ రాయాలి. ఈ పని చెప్పగానే అందరూ మొహం ముడుచుకుంటారు. చేసినవాళ్లు మాత్రం మొత్తం వ్యవహారంలో ఇదే ఎక్కువ నేర్పిందంటారు. నేను మొదటిసారి నా పాఠం రికార్డు చేసుకుని లెక్కపెడితే 40 నిమిషాల్లో 31 సార్లు "అర్థమైందా?" అన్నాను. 31 సార్లూ "అర్థమైంది మాస్టారూ" అని కోరస్ వచ్చింది. ఒక్కసారి కూడా ఎవరూ కాలేదనలేదు. అనరు కూడా. అది ప్రశ్న కాదు, ఊతపదం. దాని బదులు "ఉప్పు ఎక్కడికి పోయింది?" లాంటిదేదైనా అడిగితే అర్థమైందో లేదో జవాబే చెబుతుంది.

రాసినదాంట్లో వినిపించని మాటల కింద గీత గీయండి. ఎక్కువ గీతలు వాక్యం చివరే పడతాయి. ఊపిరి అయిపోతూ ఉంటుంది, గొంతు దిగిపోతుంది. తెలుగులో అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. అవునో కాదో, జరిగిందో జరగబోతోందో, ఎవరు చేశారో అన్నీ చివర వచ్చే క్రియే చెబుతుంది. "కరుగుతుంది"కీ "కరగదు"కీ తేడా చివరి రెండు మూడు అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలు మింగితే వాక్యం మొత్తం మింగినట్టే. గొంతు పెంచడం దీనికి మందు కాదు. వాక్యం పొట్టిగా చెయ్యాలి, ఊపిరి ముందే తీసుకోవాలి, చివరి మాట పలికేవరకు చివరి బెంచీ మీంచి చూపు తిప్పకూడదు. ఇంట్లో పది వాక్యాలు తీసుకుని క్రియని కావాలని నొక్కి పలుకుతూ చదవండి. మొదట నాటకంలా ఉంటుంది, నాలుగు రోజుల్లో మామూలైపోతుంది.

హెచ్చుతగ్గుల సంగతికొస్తే మనకి పాఠాలు నేర్పినవాళ్లు విజయనగరంలోనే ఉండేవారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మైకు లేని రోజుల్లో వందలమందికి హరికథ చెప్పేవారు. హరికథలో వచనం మాట్లాడినట్టు నడుస్తుంది, పద్యం పైకి లేస్తుంది, ముఖ్యమైన మాటకి ముందు చిడతలు ఆగుతాయి. ఎవరైనా కథకుడి హరికథ ఒకటి విని, ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకోండి. మనం సూత్రం, తేదీ, కొత్త మాట చెప్పే ముందు అలా ఒక్క క్షణం ఆగుతున్నామా? సాధారణంగా ముఖ్యమైన చోటే పరుగెడతాం, ఎందుకంటే అది మనకి కంఠతా వచ్చు.

ఇంకొకటి. బోర్డు ముందుకి రాగానే చాలామందికి ఒక పరాయి గొంతు వచ్చేస్తుంది. వరండాలో "ఏటమ్మా, అన్నం తిన్నావా?" అని పలకరించిన మనిషే లోపలికొచ్చి "విద్యార్థులారా, గమనించండి" అంటాడు. వ్యవహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఈ నేల మీద నిలబడి పిల్లలకి ఇనుప భాష వినిపించడం నాకైతే కొరుకుడు పడదు. పాఠ్యపుస్తకం మాట వాడండి, పక్కనే ఇంటి మాటా వాడండి. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు ఉంటే మీ మొహం, చేతులు, వేగం అన్నీ ఇంకా ముఖ్యమవుతాయి. గిడుగు వారు ఆ భాష నేర్చుకుని సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. మీరు కనీసం పది మాటలు నేర్చుకుని వెళ్లండి.

ఐదో అడుగు: నిశ్శబ్దాన్ని కొలవడం

ప్రశ్న అడిగిన తర్వాత ఎంతసేపు ఆగుతున్నారు? అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు ఎన్నో తరగతుల టేపులు విని, టీచర్లు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. అది 3 సెకన్లకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు.

మీ వీడియోలో ఐదు ప్రశ్నలు ఏరి, ప్రశ్న ముగిసిన క్షణం నుంచి మళ్లీ మీ నోరు తెరుచుకునేదాకా లెక్కపెట్టండి. "నీటి ఆవిరి అంటే ఏంటి? ఆఁ? చెప్పండి, మొన్న చెప్పుకున్నాం కదా, నీరు వేడెక్కితే..." ఇలా జవాబు కూడా మీరే ఇచ్చేస్తుంటారు. మూడు సెకన్లు ఆగడం వినడానికి సుళువు, నిలబడితే మూడు నిమిషాల్లా ఉంటుంది. చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటిగా ముడవండి, మూడో వేలు ముడిచేదాకా మాట్లాడొద్దు.

ఇదే ముక్కతో ఇంకో లెక్క. రికార్డులో ఫ్లాండర్స్ పద్ధతి రాసే ఉంటారు. తరగతిలో టీచర్ మాట, పిల్లల మాట ఎలా సాగుతున్నాయో గుర్తులతో లెక్కగట్టే పద్ధతి అది: పది వర్గాలు, ప్రతి 3 సెకన్లకి ఒక గుర్తు. పది నిమిషాలకి 200 గుర్తులు, అంత ఓపిక నాకు లేదు. ప్రతి 10 సెకన్లకి ఒకటి చొప్పున 60 గళ్లు గీయండి. ఆ క్షణాన టీచర్ మాట్లాడుతుంటే "టీ", పిల్లలైతే "పి", ఎవరూ మాట్లాడకపోతే ఖాళీ. పిల్లల చేత ఎక్కువ మాట్లాడించాననుకున్న రోజు ఈ గళ్లు నింపి చూడండి.

ఆరో అడుగు: పిల్లల్ని చూడటం

అనుమతి ఉంటేనే, ఒక్క రోజు ఫోన్‌ని ముందు మూలలో పెట్టి పిల్లల వైపు తిప్పండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన వీడియో ఇదే, ఇందులో మీరు ఉండరు కాబట్టి. ఎక్కడ తలలు లేచాయి, ఎక్కడ పక్కవాడి పుస్తకంలోకి చూపులు పోయాయి, ఆ క్షణాన మీ గొంతు ఎలా ఉంది?

ఇక్కడ రాసే భాష జాగ్రత్త. "పిల్లలకి బోర్ కొట్టింది" అన్నది మీ తీర్పు. "4:10 దగ్గర కిటికీ వరసలో ఇద్దరు బయటికి చూశారు, అప్పటికి నేను 50 సెకన్లుగా బోర్డు వైపే ఉన్నాను" అన్నది మీరు చూసింది. డైరీలో రెండోదే రాయండి. బయట కోతి కనిపించిందేమో కూడా కనుక్కోండి, మా స్కూల్లో చాలాసార్లు అదే కారణం.

ఏడో అడుగు: తోటివాళ్లతో

ఇంకో ట్రైనీతో కలిసి ఐదు నిమిషాల ముక్క చూడండి. ముక్క ఎంచుకునేది పాఠం చెప్పినవాళ్లే. ఏం చూడాలో కూడా వాళ్లే ముందు చెప్పాలి: "నా ప్రశ్నల తర్వాత ఏం జరుగుతోందో చూడు." చూసేవాళ్లు సలహా ఇవ్వకుండా ప్రశ్న అడగాలి: "ఇక్కడ గ్లాసు ఎత్తినప్పుడు ఏం అనుకున్నావు?" "సూపర్‌గా చెప్పావు" వల్ల ఏమీ నేర్చుకోలేం, "కాన్ఫిడెన్స్ లేదు" అంటే ఇంకా టెన్షన్ తప్ప ప్రయోజనం లేదు. లెక్చరర్ పక్కన కూర్చుని ఇరవై లోపాలు ఏకరువు పెడితే వినయంగా విని, ఇంటికొచ్చి వాటిలో ఒక్కటే తీసుకోండి.

ఎనిమిదో అడుగు: ఒక్కటి మార్చి, మళ్లీ చెప్పడం

ఒక వారానికి ఒకే అలవాటు. ఆరో తరగతికి రెండు సెక్షన్లు ఉంటే అదృష్టమే. "ఏ" సెక్షన్‌లో సోమవారం చెప్పిన పాఠం "బీ" సెక్షన్‌లో బుధవారం చెప్పొచ్చు, మధ్యలో మంగళవారం సాయంత్రం వీడియోకి ఉంటుంది. ఇసుక పాఠం చెప్పిన అమ్మాయి సరిగ్గా అదే చేసింది. ఆమె డైరీలో ఆ వారం ఉన్నది ఇంతే:

"సోమ, 6ఏ: చివరి మాట వినిపించని వాక్యాలు, 2 నిమిషాల్లో 9. గ్లాసు నా ఛాతీ దగ్గర పట్టుకున్నాను. మార్పు: గ్లాసు తల ఎత్తులో, వరసల మధ్యకి నడిచి చూపించాలి. కరగదు, కరుగుతుంది విడిగా పలకాలి. బుధ, 6బి: వినిపించనివి 3. గ్లాసు చూసి వెనక నుంచి ఒక అబ్బాయి 'అడుక్కి దిగిపోనాది టీచర్' అని తనే చెప్పాడు. నేను చెప్పక్కర్లేకపోయింది."

గొంతు కాపాడుకోవడం

అరవడం వల్ల గొంతు వినిపించదు, పాడవుతుంది. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మగవాళ్లలో సెకనుకి సుమారు 100 సార్లకు పైగా, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతుంటాయి. రోజుకి ఐదారు పీరియడ్లు అలా తగిలేవాటిని అరిచి ఇంకా గట్టిగా కొట్టకూడదు. గోల ఎక్కువైతే గొంతు పెంచకుండా గోల ఉన్న చోటికి నడవండి. లేదా చప్పట్ల సంకేతం పెట్టుకోండి. తప్పెటగుళ్లు చూసి పెరిగిన పిల్లలు ఏ దరువు కొట్టినా తిరిగి అదే దరువు కొడతారు, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో మామూలు గొంతుతో మొదలుపెట్టొచ్చు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం స్వరతంత్రులకి దెబ్బే, ఒక గుక్క నీళ్లు తాగండి. గొంతు పోయిన రోజు గుసగుసగా పాఠం చెబితే విశ్రాంతి అనుకోవద్దు, అది ఇంకా శ్రమ. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

ఇంటర్న్‌షిప్ ముగిసే రోజు రెండు పనులు చేయండి. మొదటి వారం, చివరి వారం రికార్డింగుల్లోంచి మీ గొంతు మాత్రమే ఉన్న నిమిషం నిమిషం ముక్కలు దాచుకోండి. పిల్లలున్న వీడియోలన్నీ చెరిపేయండి. గ్యాలరీలో తీసేస్తే సరిపోదు, ట్రాష్ ఖాళీ చేయాలి, గూగుల్ ఫొటోస్‌లోకి బ్యాకప్ అయినవి కూడా తీసేయాలి. చెరిపేశామని హెడ్మాస్టారుకి చెప్పి మరీ రండి.